అగ్నిపర్వతం పనిచేయుట లేదు

మా అన్నయ్య కొడుకు ఒక అగ్నిపర్వతానికి రెండు నక్షత్రాలిచ్చాడు. ఐదుకి రెండు. ఆ రెండూ పార్కింగ్ బాగున్నందుకట.

కింద రాసింది యథాతథంగా ఇస్తున్నాను: "హనీమూన్‌కి వెళ్లాం. మూడు రోజులున్నాం. అగ్నిపర్వతం పనిచేయడం లేదు. మబ్బులు మరీ ఎక్కువ. డబ్బు దండగ." దాన్ని చదివి నలభై ఒక్కమంది 'ఉపయోగపడింది' అని నొక్కారు. అంటే ఈ భూమ్మీద కనీసం నలభై ఒక్క జంటలు ఆ కొండ రిపేరయ్యేదాకా వేచి చూస్తున్నాయన్నమాట.

మొదట కాస్త గర్వపడ్డాను, దాచుకోవడం ఎందుకు. మా అపార్టుమెంటులో లిఫ్టు పనిచేయదు, బోరు పనిచేయదు, వీధి చివర ఏటీఎం ఎలాగూ పనిచేయదు. వాటి మీద ఫిర్యాదు రాసి రాసి నా చేతులు అరిగిపోయాయి. మా తాత గట్టు తగాదా కోసం పదకొండేళ్లు కోర్టు మెట్లెక్కాడు. ఆ తాత మునిమనవడు ఏకంగా కొండనే బోనెక్కించే స్థాయికి ఎదిగాడంటే మా వంశం మామూలుది కాదు.

ముద్దాయి వివరాలు కూడా చెప్పాలి కదా. పేరు అరెనాల్. ఊరు లా ఫోర్తునా, దేశం కోస్టారికా. ఎత్తు 1,600 మీటర్ల పైచిలుకు. రాశి పోసిన వడ్లలా చక్కని శంఖాకారం. 1968లో డ్యూటీలో చేరి దాదాపు ఎడతెగకుండా నిప్పులు కక్కి, 2010లో ఆపేసింది. నలభై రెండేళ్ల సర్వీసు. ఇంత కాలం పనిచేసిన గుమాస్తాకైతే మనం దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపిస్తాం. అరెనాల్‌కి దండా లేదు, గడియారమూ లేదు. శాలువా ఒక్కటే ఉంది, మబ్బుది. అది రోజూ కప్పుకునే ఉంటుంది. ఆ శాలువా తీయలేదనే మావాడి ప్రధాన అభియోగం.

ఇదంతా నాకెలా తెలిసిందంటారా? మొన్న మా అన్నయ్యగారింట్లో గృహప్రవేశానికని పిల్లలిద్దరూ డల్లాస్ నుంచి దిగారు. మర్నాడు ఆదివారం. కూకట్‌పల్లిలో హాలు నిండా చుట్టాలు, చేతిలో తలో ప్లేటు మిక్స్చర్. అరవై అయిదంగుళాల టీవీకి ఫోన్ తగిలించి హనీమూన్ ఫోటోలు మొదలుపెట్టాడు. మొత్తం పదకొండొందల నలభై. తలుపు దగ్గర మా అన్నయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తప్పించుకునే దారి లేదు.

మొదటి ఫోటో వచ్చింది. తెల్లగా ఉంది.

"ఇదిగో బాబాయ్, అగ్నిపర్వతం."

రెండోదీ తెల్లగా ఉంది. "ఇది బాల్కనీ నుంచి." మూడోది ఇంకాస్త తెల్లగా ఉంది. "ఇది జూమ్ చేసి." పన్నెండో ఫోటో దగ్గర మా మేనత్త కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "టీవీ పోయినట్టుందిరా, కేబుల్ అబ్బాయికి ఫోన్ చెయ్యండి" అంది. టీవీకేం కాలేదత్తయ్యా అని నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది.

వీళ్లు తీసుకున్నది మామూలు గది కాదు. 'వోల్కనో వ్యూ' గది. రాత్రికి అరవై డాలర్లు ఎక్కువ. మంచానికి ఎదురుగా గోడంతా అద్దం, అద్దం అవతల కొండ, కొండకి ముందు మబ్బు. మొదటి రోజు సాయంత్రం మావాడు రిసెప్షన్‌కి వెళ్లి అగ్నిపర్వతం ఎక్కడ అని అడిగాడు. ఆ అమ్మాయి నవ్వుతూ మబ్బులోకి వేలు చూపించి "అదిగో" అందట. ఎప్పుడు కనిపిస్తుందీ అంటే భుజాలెగరేసి, వాళ్ల దేశంలో అన్నిటికీ వాడే మాట, "పురా విదా" అందట. దానికి అర్థం ఏమిటని మా వదిన అడిగింది. "మన 'చూద్దాం లెండి' లాంటిదమ్మా" అన్నాడు. ఆ ఒక్క అనువాదంలో మాత్రం వాడికి వంక పెట్టలేను.

రిసెప్షన్ గోడ మీద అగ్నిపర్వతం ఫోటో ఒకటి ఫ్రేము కట్టి ఉంది. రాత్రిపూట తీసింది, ఎర్రగా లావా జారుతోంది. పాతకాలం నాటిదన్నమాట, అది సర్వీసులో ఉన్నప్పటిది. ఇప్పుడు చెప్పబోయేది నేను కల్పించలేదు, టీవీలో నా కళ్లతో చూశాను. ఆ ఫ్రేము ముందు కొత్త జంటలు క్యూ కట్టి నిలబడ్డాయి. ఒక్కో జంటా వంతు రాగానే వెళ్లి, ఫ్రేము బయట పడకుండా కోణం చూసుకుని, వెనక్కి తిరిగి ఆశ్చర్యపోతున్నట్టు ముఖం పెట్టి, ఫోటో దిగి, తర్వాతి వాళ్లకి చోటిస్తోంది. మావాళ్లు తొమ్మిది దిగారు. ఫ్రేము అద్దంలో ఫ్లాష్ పడి ఆ తొమ్మిదీ తెల్లగానే వచ్చాయి.

ఇక రెండో రోజు. తెల్లవారుజామున మబ్బు విడుతుందని ఎవరో చెప్పారట. నాలుగున్నరకి అలారం. కొత్త కోడలు ఎర్ర పట్టుచీర కట్టుకుంది. అది మామూలు ఎరుపు కాదు. 'లావా రెడ్' అని కావాలని రంగు చూపించి, ధర్మవరంలో నేయించి, పెళ్లి సామాన్లతోపాటు సూట్‌కేసులో సముద్రం దాటించారు. ఆ చీరకట్టుతో బాల్కనీలో, చలిలో, పిల్ల కుడిచెయ్యి పైకి చాపి శూన్యాన్ని చూపిస్తూ నిలబడింది. వీడు ట్రైపాడ్ వెనక నుంచి "కొంచెం ఎడమకి... ఇంకొంచెం... ఆఁ, అక్కడే ఉండాలి" అంటున్నాడు. వీడియో కూడా ఉంది. పదకొండు నిమిషాలు. తొమ్మిదో నిమిషంలో పాపం ఆ పిల్ల చెయ్యి దించకుండానే ఆవులించింది. మధ్యలో ఓసారి కాకి లాంటిదేదో అరిచింది, హాల్లో చుట్టాలందరం ఒక్కసారిగా ముందుకి వంగాం. కథలో మొదటిసారి ఏదో జరిగింది మరి.

ఏడున్నరకి విసుగొచ్చి టిఫినుకి వెళ్లారు. అన్నంలో నల్ల బీన్స్ కలిపి పెడతారట, గాయో పింతో అంటారు. ఇద్దరూ తింటుండగా మబ్బు విడింది. నాలుగు నిమిషాలు. హోటల్లో అందరూ చూశారు. ఆ సమయంలో మావాడు కిటికీకి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటున్నాడు. కొండ మొత్తం ఉన్న ఫోటో అదొక్కటే. శిఖరం ఉండాల్సిన చోట వీడి తలకాయ ఉంది.

మన వంజంగి కొండకి మబ్బుల సముద్రం చూడాలని రాత్రంతా కారు నడుపుకుంటూ వెళ్లే జాతి మనది. అక్కడ మబ్బు రాకపోతే తిడతాం. ఇక్కడ మబ్బు వచ్చిందని తిడతాం. మబ్బుకి ఏ ఊళ్లో ఎలా ప్రవర్తించాలో తెలిసి చావదు.

ఇంతవరకూ నేను నవ్వుతూనే ఉన్నాను. మిక్స్చర్ కూడా బాగుంది. తర్వాత వేడినీళ్ల ఫోటోలు వచ్చాయి. కొండ అడుగున భూమి కాగి, వాగులోకి వేడినీళ్లు వస్తాయి. చుట్టూ రాళ్లు పేర్చి, అరటి చెట్లు నాటి, మధ్యలో కొలనులు కట్టారు. మెడదాకా నీళ్లలో మావాడు, చేతిలో గొడుగు గుచ్చిన గ్లాసు. కింద వాడు రాసుకున్న మాట: "కనీసం గీజర్‌గానైనా పనిచేస్తోంది." హాలంతా నవ్వింది. జోకు బాగానే ఉంది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ చోటు పేరు తబకోన్.

తబకోన్ ఒక ఊరు. 1968 జులై 29, సోమవారం పొద్దునదాకా ఊరు. పశువుల్ని మేపుకునే జనం. పక్కనున్నది అగ్నిపర్వతమని అక్కడ చాలామందికి తెలియదు. పచ్చగా చెట్లు పెరిగిన గుట్ట అనుకున్నారు. కొన్ని వందల ఏళ్లుగా అది నోరు తెరవలేదు మరి. ఆ పొద్దున పడమటి వైపు పగిలింది. తబకోన్, పక్కనే ప్వెబ్లో న్వేవో, రెండూ పోయాయి. 87 మంది చనిపోయారు. వీడు పనిచేయలేదని నక్షత్రాలు కోసింది ఆ పనికే. అది పనిచేస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్లు వీడి రివ్యూ చదవడానికి లేరు.

సరే, తమాయించుకున్నాను. పెళ్లయిన పిల్లాడు, నలుగురిలో అనకూడదు.

అక్కడి నుంచి మోంతెవెర్దేకి బయల్దేరారు. కాకి ఎగిరితే దగ్గరే. మధ్యలో 1979లో ఆనకట్ట కట్టి పెంచిన అరెనాల్ సరస్సు అడ్డం. అందుకని జీపు, పడవ, మళ్లీ జీపు. దారంతా గతుకులని ఇంకో నక్షత్రం కోయబోయి, అవి హోటల్ వాళ్ల రోడ్లు కావని వదిలేశాడట. ధర్మాత్ముడు.

మోంతెవెర్దేలో ఉన్నది మేఘారణ్యం. పేరులోనే ఉంది. కరీబియన్ సముద్రం మీదుగా వచ్చే తేమగాలి కొండకి కొట్టుకుని పైకెక్కుతుంది, చల్లబడుతుంది, మబ్బై అడవిలోంచే నడుచుకుంటూ పోతుంది. వాన పడక్కర్లేదు. ఆకులే మబ్బుని పిండి నీళ్లు తాగుతాయి. కొమ్మ మీద నాచు, నాచులో ఫెర్న్, దాని పక్కన గోరంత ఆర్కిడ్, చెట్టు మీదే ఇంకో తోట. అక్కడ నిలబడి మావాడు అడవికి పెట్టిన వంక ఏమిటో తెలుసా? మబ్బులు ఎక్కువట. పెళ్లికి వెళ్లి బాజాలు మోగుతున్నాయని పెళ్లివారితో గొడవ పెట్టుకున్నట్టుంది.

రెండు గంటల్లో అడవి 'అయిపోయింది'. తాడుకి వేలాడుతూ చెట్ల మీంచి జారిపోయారు. కెత్సాల్ పక్షి కనిపించలేదు. అరుచుకుంటూ గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పోయే మనిషికి ఏ పక్షి ఎదురొచ్చి దండం పెడుతుంది?

ఆ అడవి మిగిలి ఉండడం వెనక ఓ కథ ఉంది. యుద్ధానికి రామని, సైన్యంలో చేరబోమని చెప్పి జైలుకెళ్లి వచ్చిన కొందరు క్వేకర్లు, అంటే యుద్ధమే కూడదనే ఓ క్రైస్తవ శాఖ వాళ్లు, 1951లో అమెరికాలోని అలబామా వదిలి వచ్చేశారు. కోస్టారికా 1948లో తన సైన్యాన్నే రద్దు చేసుకుంది కాబట్టి అక్కడికి వచ్చారు. పాడి పెట్టుకున్నారు, చీజు చేశారు. కొన్న భూమిలో కొండ నెత్తినున్న అడవిని, తమ నీళ్లు పుట్టేది అక్కడేనని, గొడ్డలి వేయకుండా పక్కన పెట్టారు. 1972లో మొదలైన అభయారణ్యంలో అదీ కలిసింది. ఇంత చెప్పాక మావాడు "అవును బాబాయ్, ఆ చీజు వాళ్ల ఐస్‌క్రీమ్ సూపర్" అన్నాడు.

అప్పుడొచ్చింది ఆ ఫోటో. సావనీర్ల కొట్లో తీసింది. బంగారు రంగు కప్ప బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని మావాడు. "ఈ కప్ప కోసం గైడుని అడిగాను బాబాయ్. లేదన్నాడు. టీషర్టుల మీద, కప్పుల మీద, అయస్కాంతాల మీద వేసి అమ్ముతారు, తీరా వెళ్తే లేదంటారు. మోసం కదూ?"

ఒరేయ్. లేదంటే ఆ రోజు సెలవు పెట్టిందని కాదురా. లేదు.

ఈ ప్రపంచం మొత్తంలో ఆ కప్ప ఉండేది ఆ కొండ నెత్తి మీద కొద్ది చదరపు కిలోమీటర్లలో మాత్రమే. బొటనవేలంత మగకప్ప, ఒంటి మీద మచ్చ లేని నారింజ రంగు. 1966లో దాన్ని మొదట వర్ణించిన శాస్త్రవేత్తకే నమ్మకం కుదరలేదు, ఎవరో ఎనామెల్ పెయింట్‌లో ముంచి తీశారేమో అనిపించిందట. ఏడాదంతా మట్టిలో దాక్కుని, ఏప్రిల్లో తొలివానలకి కొద్ది రోజులు బయటికొచ్చి, చెట్ల వేళ్ల మధ్య చెంబెడు నీళ్లలో గుడ్లు పెట్టి వెళ్లిపోయేది. 1987లో పదిహేను వందలకి పైగా కనిపించాయి. మరుసటి ఏడాది అదే గుంట దగ్గర ఒకటి. 1989 మే 15న ఒక మగది, ఒంటరిగా. తర్వాత ఎవరికీ కనిపించలేదు. 2004లో అంతరించిందని రాసేశారు. అదొక్కటే కాదు, ఆ చుట్టుపక్కల ఉండే యాభై రకాల కప్పల్లో ఇరవై మాయమయ్యాయి. ఫంగస్ అన్నారు, కరువేడాది అన్నారు. 1999లో ఆ కొండనే ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఇంకో మాట కూడా చెప్పారు. డెబ్బైల నుంచీ అక్కడ ఎండాకాలంలో మబ్బు రాని రోజులు పెరుగుతున్నాయి. లోకం వేడెక్కి మబ్బు పైకి జరుగుతోంది. అడవి కింద ఉండిపోతోంది.

మబ్బు తక్కువై చస్తున్న అడవిలో నిలబడి, మబ్బు ఎక్కువైందని రెండు నక్షత్రాలా? నీ చీర ఫోటో పాడైందని? రెండు విమానాలు మారి, అక్కడి మబ్బుని ఇంకో అంగుళం పైకి నెట్టి వచ్చి, ఇంటికొచ్చాక రివ్యూ రాస్తావా? ఆ పదకొండొందల తెల్ల ఫోటోలు చూశావు చూడు, ఆ కొండ మీద ఆ రోజు ఆరోగ్యంగా ఉన్నది ఆ మబ్బొక్కటేరా!

గొంతు లేచింది. ఒప్పుకుంటాను. మిక్స్చర్ ప్లేటు కూడా ఒళ్లోంచి జారింది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మా వదిన లేచి కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది. కొత్త కోడలు తలొంచుకుని పల్లీలు ఏరుతూ "నేను చెప్పాను మావయ్యగారూ, ఆ రివ్యూ వద్దని" అంది. మా మేనత్త మాత్రం చల్లగా, "అంత పొగమంచు చూడాలనుకుంటే లంబసింగి చాలదుట్రా, పొద్దున బయల్దేరితే రాత్రికి ఉండొచ్చు" అంది.

మావాడు మంచివాడే. కాసేపు మౌనంగా ఉండి, ఫోన్ తీసి, రివ్యూ సరిదిద్దాడు. నాకు చూపించాడు. రెండు నక్షత్రాలు మూడయ్యాయి.

నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మందాకా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పాడు:

"పెళ్లిరోజుకి ఐస్‌లాండ్ అనుకుంటున్నాం బాబాయ్. అక్కడిది వర్కింగ్ కండిషన్లోనే ఉందట. పక్కనున్న ఊరు కూడా 2023లోనే ఖాళీ చేయించేశారట, రష్ ఉండదు."