ఇంటిపేరు గారికి ఇల్లు దొరకనివాడి విన్నపం

మహారాజశ్రీ ఇంటిపేరు గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి తమ సేవకుడు గడ్డం వ్రాసుకొను విన్నపం ఏమనగా, ఉభయకుశలోపరి అని రాయడానికి చేయి రావడం లేదు. తమరు ఎప్పుడూ కుశలమే. మూడు నెలలుగా ఆదివారాలన్నీ టూలెట్ బోర్డుల కింద గడుపుతున్నది నేను.

తమరి పేరులోనే ఇల్లు ఉంది. నా విషయంలో ఆ రెండూ ఎప్పుడూ కలిసి రాలేదు. మా తాత గుడిసెలో, మా నాన్న అద్దె గదిలో, నేను అద్దె పోర్షన్‌లో తమరిని భద్రంగా మోసుకొచ్చాం. ఇల్లు లేనివాడికి ఇంటిపేరు ఎందుకని మాలో ఎవరూ అడగలేదు. ఇంటిపేరు చెప్పందే ఇల్లు రాదని మాత్రం ఇప్పుడే తెలిసింది.

మొదటి ఇల్లు నయీంనగర్ వైపు ఒక సందులో చూశాను. యజమాని రిటైరైన పెద్దమనిషి. బోరు నీళ్లు రుచి చూపించారు, స్కూటర్ పెట్టుకునే చోటు చూపించారు, మేడ మీద బట్టలు ఆరేసుకునే తీగ కూడా చూపించారు. అద్దె, అడ్వాన్సు కుదిరాయి. గేటు దాకా వచ్చి, ఏదో మరిచిపోయినవాడిలా అడిగారు. “ఇంతకీ మీ ఇంటిపేరు ఏమిటన్నారు సారు?”

“గడ్డం.”

ముందు నా చుబుకం వైపు చూశారు. అందరూ అదే చేస్తారు, తప్పులేదు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. “గడ్డం అంటే... ఏ గడ్డం?”

“రోజూ గీసుకునే గడ్డమే” అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. వాళ్ల అల్లుడికి కరీంనగర్ నుంచి బదిలీ అయిందట. పాపం, ఆ అల్లుడికి అంతవరకు పెళ్లి కూడా కాలేదు.

అయ్యా, తమరి మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. “మీ కులమేమిటి?” అని నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడేవాళ్లందరికీ తమరు మర్యాద ముసుగు అయ్యారు. పోనీ ఆ పనైనా సరిగా చేస్తారా అంటే, అదీ లేదు. గడ్డం అనే తమరిని భూములున్నవాళ్లూ పెట్టుకున్నారు, మగ్గం నేసేవాళ్లూ పెట్టుకున్నారు, కూలికి పోయేవాళ్లూ పెట్టుకున్నారు. కొండ, చింత, వేముల, బండి వంటి తమరి బంధువుల కథా అంతే. కులం కనిపించే అద్దం అనుకుని జనం తమరిలోకి తొంగి చూస్తారు, ఆ అద్దంలో గడ్డం తప్ప ఏమీ కనిపించదు. అందుకే ఆ రెండో ప్రశ్న. ఈ ఉత్తరాన్ని నా భుజం మీదుగా చదువుతున్నవాళ్లు కూడా ఇప్పటికి రెండు మూడు సార్లు “ఇంతకీ ఏ గడ్డం?” అనుకుని ఉంటారు. చెప్పను.

తమరు మొదట్లో ఇలా ఉండేవారు కాదని విన్నాను. ఊరి నుంచి మనిషి బయటికి వెళితే, వెనకాలే ఊరు కూడా నడిచి వచ్చేది. పాలకుర్తి నుంచి వచ్చినాయన పాల్కురికి సోమనాథుడు. ఆ పక్కనే ఉన్న బమ్మెర నుంచి వచ్చినాయన బమ్మెర పోతన. ఒకరు 13వ శతాబ్దం, ఇంకొకరు 15వ శతాబ్దం, ఇప్పుడైతే ఇద్దరిదీ జనగామ జిల్లా. ఊళ్లు రిజర్వాయర్ల కింద మునిగినా, బొగ్గు కోసం తవ్వేసినా, ఆ ఊరి పేరు ఎవరో ఒకరి పేరుకు ముందు బతికే ఉంటుంది. ఈ ఒక్క పనికి తమరికి దండం పెడతాను.

దండం అయిపోయింది, మళ్లీ ఫిర్యాదుకు వస్తాను. తమరు మా పేర్లకు ముందు నిలబడి నడిపిస్తారు. ఊరు ముందు, మనిషి వెనక. మరి విదేశీ దరఖాస్తు కాగితం కనబడగానే వెనక్కి పోయి ఎందుకు నిలబడతారు? పోతన గారు ఇవాళ అమెరికా వీసాకు పోతే “పోతన బమ్మెర” అయి తిరిగివస్తారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే ఇంకా చిత్రం. అమెరికా వీసాలో పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అనే మూడు అక్షరాలు పడతాయి. అసలు పేరు తెలియదని వాటి అర్థం. బారసాల చేసి, బియ్యంలో రాసి, చెవిలో మూడుసార్లు చెప్పిన పేరు! చైనా, కొరియా, హంగరీ వాళ్లూ మనలాగే ఇంటిపేరును ముందు రాస్తారు. జపాన్ ప్రభుత్వమైతే 2020 నుంచి తన కాగితాల్లో రోమన్ లిపిలో రాసినా ఇంటిపేరే ముందుండాలని నిర్ణయించుకుంది. తమరికి ఆ పౌరుషం ఎందుకు లేదు?

లక్నేపల్లిలో పుట్టి, వంగరకు దత్తత వెళ్లి, 1991లో ప్రధాని అయిన మా వరంగల్ మనిషి ఇంటిపేరు పాములపర్తి. ఇంగ్లీషు పత్రికలు అయిదేళ్ల పాటు ఆయన్ను “రావు” అని రాశాయి. తెలుగునాట “రావు గారూ” అని కేకేస్తే వీధిలో సగం మంది వెనక్కి తిరుగుతారని వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత తమరిది కాదా? హనుమాజీపేట సింగిరెడ్డి నారాయణరెడ్డి గారు తెలివైనవారు. సింగిరెడ్డిలోంచి ఒక్క “సి” తీసుకుని సినారె అయ్యారు. తమరిని అంత పొదుపుగా వాడుకున్నవాళ్లు అరుదు.

బయటి దేశాల్లో తమరి వేషాలు కూడా కొంత చదివాను. ఇల్లు దొరకనివాడికి సాయంత్రాలు ఖాళీయే కదా. ఇంగ్లండులో స్మిత్, జర్మనీలో ష్మిట్, హంగరీలో కోవాచ్, రష్యాలో కుజ్నెత్సోవ్, అరబ్బు దేశాల్లో హద్దాద్. అందరూ కమ్మరులే. కోట్లు పెట్టి కొనే ఎర్ర కారు మీద ఉన్న ఫెరారి అనే ఇంటిపేరూ ఇటలీ కమ్మరిదే. ఆ కారు నడిపి 2000 నుంచి 2004 దాకా వరసగా అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన షూమాకర్ ఇంటిపేరుకు జర్మన్‌లో చెప్పులు కుట్టేవాడని అర్థం. కమ్మరి బండి మీద చెప్పులు కుట్టేవాడు ప్రపంచమంతా తిరిగాడు, ఎవరూ గేటు దగ్గర ఆపి గొంతు తగ్గించలేదు. బ్రిటన్‌ను పదకొండేళ్లు ఏలిన థాచర్ అనే ఇంటిపేరుకు గడ్డితో ఇంటికప్పు నేసేవాడని అర్థం. అదే కప్పును మా తాత కూడా నేశాడు. మాకు ప్రధాని పదవి అక్కర్లేదు, రెండు గదులు, వంటిల్లు చాలు.

కొన్నిచోట్ల తమరు ప్రభుత్వ ఉత్తర్వు మీద ఉద్యోగంలో చేరారు. జపాన్‌లో సామాన్యులందరూ ఇంటిపేరు పెట్టుకోవాల్సిందేనని 1875లో ఆజ్ఞ అయింది. చాలామంది కళ్ల ముందు కనబడినదే పెట్టుకున్నారు. తనకా అంటే పొలం మధ్య, యమమోతో అంటే కొండ మొదలు. (తనకా అనే మాట మా దగ్గర బంగారం దుకాణాల్లో మాత్రమే వినబడుతుంది.) టర్కీలో 1934లో చట్టం వచ్చింది. ముస్తఫా కెమాల్‌కు అక్కడి పార్లమెంటు అతాతుర్క్, అంటే తుర్కుల తండ్రి అనే పేరు ఇచ్చింది. నాకు నచ్చింది థాయిలాండ్. 1913లో చట్టం చేసి, వజిరావుధ్ రాజు తానే కూర్చుని వేల కుటుంబాలకు ఇంటిపేర్లు కల్పించాడు. సంబంధం లేని రెండు కుటుంబాలకు ఒకే పేరు ఉండరాదని నియమం. నేను అక్కడ పుట్టి ఉంటే గడ్డం నాకొక్కడికే దక్కేది. ఏ గడ్డం అనే ప్రశ్నే పుట్టేది కాదు.

మా అక్క సంగతి కూడా చెప్పాలి. బడిలో హాజరు పిలిచేటప్పుడు “గడ్డం” అనగానే ఆడపిల్ల లేచి నిలబడితే తరగతి అంతా నవ్వేది. పెళ్లితో ఈ పీడ వదులుతుందని పదేళ్లు ఎదురుచూసింది. సంబంధం కుదిరింది. వాళ్ల ఇంటిపేరు మీసాల. గడ్డం పోయి మీసాలు వచ్చాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో గడ్డం, ఆధార్‌లో మీసాల. ఒక దరఖాస్తు పట్టుకుని ఒక కార్యాలయానికి పోతే, ఈ ఇద్దరూ ఒకరేనని నోటరీతో రాయించుకు రమ్మన్నారు. ఐస్‌లాండ్‌లో ఆడవాళ్లకు పెళ్లితో పేరు మారదట. ఫలానావారి కూతురు అన్న మాటే చివరిదాకా పేరు. అక్కడ టెలిఫోన్ డైరెక్టరీ కూడా అసలు పేర్ల వరసలోనే వేసేవారు. ఈ మాట చెబితే మా అక్క, “అక్కడ చలి ఎక్కువేమో కదరా” అంది. ఆలోచిస్తోందన్నమాట.

ఇంకో మాట, ఇది నవ్వుతూ రాయలేను. పాలకుర్తిలో విసునూరు దొరను ఎదిరించి, తాను పండించిన పంటను, సాగు చేసుకున్న భూమిని నిలబెట్టుకున్న ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకం ఆమెను పిలిచింది చాకలి ఐలమ్మ అని. ఆ పేరును ఇవాళ జెండాలా ఎత్తి పట్టుకునేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. నా పేచీ తమరితోనే. ఆమె పేరు ముందు తమరు నిలబడాల్సిన చోట ఇంకొకటి వచ్చి నిలబడినప్పుడు తమరు ఎక్కడున్నారు? దొరల వాకిట్లో దేశ్‌ముఖ్ అనే కొలువు పేరుకు బిరుదులు తగిలిస్తున్నారా?

అందరి దగ్గరా తమరు ఇలాగే ఉంటారని అనను. ఆదిలాబాద్ గోండుల్లో ఇంటిపేరు చెబితే వాళ్లు నాలుగు దేవుళ్లను కొలిచే శాఖవారో, ఏడు దేవుళ్లను కొలిచే శాఖవారో తెలిసిపోతుంది. కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిపేది మెస్రం ఇంటిపేరువాళ్లు. ఆ ఇంటికి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు. అక్కడ ఇంటిపేరు మనిషిని లోపలికి తీసుకుపోతుంది. మా వీధిలో గేటు దగ్గరే ఆపేస్తుంది.

పోయిన ఆదివారం సంగతితో ముగిస్తాను. బాలసముద్రంలో ఒక ఇల్లు. యజమానురాలు పెద్దావిడ. అలవాటు ప్రకారం అడిగారు, అలవాటు ప్రకారం చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. “మేమూ గడ్డం వాళ్లమే బిడ్డా! మనం మనం ఒకటే!” లోపలికి పిలిచి కుర్చీ వేశారు, చాయ్ పెట్టించారు, సకినాలు తెచ్చారు. మనవడిని పిలిచి “బాబాయికి నమస్తే పెట్టు” అన్నారు. అద్దెలో రెండు వందలు తగ్గించారు. రెండో సకినం నోట్లో ఉండగా, “మీది అసలు ఏ ఊరు బిడ్డా, మీ నాన్న ఏం చేసేవారు?” అని అడిగారు. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. సకినాల పళ్లెం మాత్రం మెల్లగా బల్ల మీద అవతలి వైపుకు జరిగింది. బాబాయిగా నా పదవీకాలం పన్నెండు నిమిషాలు.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని పెద్దలు తమరి గురించి ఊరికే అనలేదు.

వచ్చే ఆదివారం కాజీపేటలో ఒక ఇల్లు చూడబోతున్నాను. ఈసారి అడిగితే ఫెరారి అని చెప్పాలనుకుంటున్నాను. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, వాళ్లకు పరారీ అని వినబడితే అద్దె ఎగ్గొట్టేవాడిని అనుకుంటారు. రెండోది, “ఫెరారి అంటే... ఏ ఫెరారి?” అని గొంతు తగ్గిస్తే, కమ్మరివాళ్లమని ఒప్పుకోక తప్పదు. అప్పుడు ఆ ఇంటికీ ఒక అల్లుడు బదిలీ మీద వస్తాడు.

తమరి జవాబును పాత చిరునామాకే పంపగలరు. ఈ నెలాఖరు దాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
గడ్డం
(అదే గడ్డం)