వేరుకు వీఐపీ పాసు

"న్యాచురల్ అండీ, సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవు." మూలికల మందులు అమ్మేవాళ్ల నోట ఈ ముక్క వింటే చాలు, నాకు బీపీ పెరుగుతోంది. దానికీ వాళ్ల దగ్గర ఒక వేరు ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

అశ్వగంధ డబ్బా ఒకటి చేతిలోకి తీసుకోండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'విథనోలైడ్స్ 5 శాతం' అని గర్వంగా ఉంటుంది. తిప్పి చూస్తే ఆకు బొమ్మ, దాని కింద 'కెమికల్స్ లేవు'. మరి ఈ విథనోలైడ్స్ ఎవరు, కంపెనీ ఓనరు గారి మేనత్త కొడుకులా?

వీళ్ల సైన్సు ప్రకారం మన ఒంట్లో జరిగేది ఇది. కాలేయం అనే టోల్‌గేటు. పారాసెటమాల్ లైన్లో నిలబడి చెమటలు కక్కుతోంది. అంతలో అద్దానికి ఆకు బొమ్మ స్టిక్కరు అంటించుకున్న తెల్ల ఇన్నోవా రాంగ్ రూట్లో దూసుకొస్తుంది. గేటు కుర్రాడు "ఫాస్టాగ్ సార్" అంటాడు పాపం. అద్దం సగం దిగుతుంది. "ఏంట్రా, కొత్తా? మేం చరకుడి తాలూకు. వేల ఏళ్లుగా ఈ రూట్లోనే తిరుగుతున్నాం." అంతే, గేటు లేస్తుంది, కుర్రాడు సెల్యూట్ కొడతాడు. వెనకాలే సర్పగంధ గారి బండి, అతిమధురం గారి బండి, ఆఖర్న సైరన్ వేసుకుని అడవినాభి గారి కాన్వాయ్. కిడ్నీ జంక్షన్లో డీఎస్పీ స్వయంగా ట్రాఫిక్ ఆపి దారిస్తాడు. పారాసెటమాల్ ఇంకా లైన్లోనే ఉంటుంది, దానికి రికమెండేషన్ లేదు.

కానీ కాలేయంలోని ఎంజైములకు స్టిక్కర్లు చదవడం రాదు. వాటికి తెలిసింది అణువే, అది ఫ్యాక్టరీలో పుట్టిందా మట్టిలో పుట్టిందా అన్నది వాటికి అనవసరం.

సర్పగంధ సంగతే చూడండి. ఆ వేరు బీపీ తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్లో రాశాడు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు, ప్రపంచమంతా వాడారు. నిజంగానే గొప్ప మందు. ఆ తర్వాత, అది వాడినవాళ్లలో కొందరు తీవ్రమైన డిప్రెషన్లో పడ్డారని డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. గొంతు గరగరకు బుగ్గన పెట్టుకునే అతిమధురంలో గ్లైసిరైజిన్ ఉంటుంది. అతిగా, రోజుల తరబడి నమిలితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, బీపీ ఎక్కుతుంది. అడవినాభి దుంపలో కొల్చిసిన్. గౌట్ అనే కీళ్ల నొప్పికి డాక్టరు దాన్ని మిల్లీగ్రాముల లెక్కన ఇస్తాడు, దుంప తిన్నవాడి ప్రాణం పోతుంది. అదీ నూటికి నూరుపాళ్లు న్యాచురలే, ఎరువు వేయకుండా పెరిగితే ఆర్గానిక్ కూడా.

అసలు మొక్క ఈ సరుకంతా తయారుచేసుకునేది మీ మోకాళ్ల నొప్పి తలుచుకుని కాదు. పారిపోవడానికి దానికి కాళ్లు లేవు. తినడానికి వచ్చిన పురుగునీ బూజునీ తరమడానికి చాలాసార్లు ఉన్న ఆయుధం ఇదే. ఆ ఆయుధాన్ని మనం స్ట్రాబెర్రీ ఫ్లేవర్ గమ్మీగా చేసి, రీల్స్‌లో ముప్పై సెకన్ల డాక్టర్లు చెప్పారని రోజుకు రెండు చప్పరిస్తున్నాం. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులు మెడికల్ జర్నళ్లలో ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. ఆ నిర్ణయం అతి అని వాదించొచ్చు, వాదించండి. కానీ ఏ ప్రభావమూ లేని వస్తువు మీద ఎవరూ వాదించుకోరు కదా.

1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గడానికి మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్లలో దాదాపు వంద మందికి కిడ్నీలు పాడయ్యాయి. ఒక వేరు బదులు మరో వేరు కలిసింది, అరిస్టోలోకియా జాతిది. మనవాళ్లు పాము కాటుకు అరగదీసి తాగించే ఈశ్వరి వేరు దానికి దగ్గరి చుట్టం. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం క్యాన్సర్ తెస్తుందని తేలిపోయింది. అయినా పాము కరిచినవాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన గంటలో కూర్చోబెట్టి వేరు అరగదీస్తారే, వాళ్లని ఏమనాలి? సంప్రదాయం అనాలా? చచ్చేది ఆ కూలిమనిషి, 'న్యాచురల్' అని వీడియో పెట్టినవాడు కాదు.

ఇక చదువుకున్నవాళ్లం మనం. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడుగుతాడు. "ఏం లేవండీ" అంటాం, బ్యాగులో డబ్బా పెట్టుకునే. వేరు మందు కాదు కదా మన లెక్కలో! రోగం తగ్గిస్తే మందు, రిపోర్టు తేడా వస్తే ఉత్త ఆహారం. కళ్లు పచ్చబడి ఆస్పత్రిలో పడుకున్న రోజున కూడా ఇంటిల్లిపాదీ కూర్చుని నేరం తేల్చేది పదేళ్లుగా బుద్ధిగా పనిచేస్తున్న బీపీ మాత్ర మీదే. "ఆ ఇంగ్లీషు మందులు వద్దని ఎన్నిసార్లు చెప్పాం" అంటూ.