దయచేసి ఆ ఒక్క సలహా తీసేయండి

కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి సఫారీల గురించి మీరు ప్రచురించిన వ్యాసం చాలా బాగుంది. అయితే చీతా కనబడితే వాహనాన్ని వీలైనంత దగ్గరకు పోనివ్వమని డ్రైవరును అడగాలన్న సలహాను మాత్రం తొలగించమని కోరుతున్నాను.

సింహాలు, చిరుతపులులు ఎక్కువగా రాత్రిపూట వేటాడతాయి. చీతా వేట ప్రధానంగా పగటి వెలుగులోనే, అంటే సరిగ్గా మన వాహనాలు తిరిగే వేళల్లోనే. ప్రాణం పెట్టి పరుగెత్తి జింకను పట్టాక ఆయాసం తీరే దాకా అది తినను కూడా లేదు. ఈలోగా హైనాలో సింహాలో వచ్చాయంటే, ఆ తిండి వదిలేసి పోవలసిందే. దీనికితోడు మన వాహనాలు చుట్టూ మూగి బెదరగొడితే పిల్లల తల్లికి ఎంత కష్టమో ఆలోచించండి. మసాయి మారాపై 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పర్యాటకులు తక్కువగా ఉన్నచోట తల్లి చీతా ఒక్కో ఈతలో సగటున 2.3 పిల్లలను పెంచి పెద్దచేయగలిగితే, రద్దీ ఎక్కువగా ఉన్నచోట ఆ సంఖ్య 0.2 మాత్రమే! ఇది చదివాక దగ్గరి ఫొటోల మీద నాకు మోజు పోయింది.

ఒక జంతువు దగ్గర ఐదు వాహనాలకు మించి ఆగకూడదని మారాలో నిబంధన ఉంది. డ్రైవర్లకు అది తెలుసు. బహుమానం ఆశచూపి తొందరపెట్టేది మనమే. మంచి బైనాక్యులర్ ఉంటే చాలు, చీతా చెదపుట్ట ఎక్కి మైదానమంతా గాలించడం, గడ్డిలో ఒదిగి ఒక్కో అడుగూ వేయడం దూరం నుంచే తనివితీరా చూడవచ్చు. బెదరని జంతువే అలా తన పని తాను చేసుకుంటుంది.

సఫారీ బుక్ చేసేటప్పుడే ఈ నిబంధన పాటిస్తారా అని నిర్వాహకులను అడగండి. సమాధానం దాటవేస్తే మరొకరిని చూసుకోండి.