మా టులెట్ బోర్డు మీది ‘లేక్ వ్యూ’కు ఓ ఇంటి ఓనర్ ఉత్తరం

ఓ లేక్ వ్యూ,

నిన్ను నువ్వనే అంట, ఏమనుకోకు. 2019 సంది నా గేటుకు వేలాడుతున్నవ్, ఇగ మన మధ్యల గారు గీరు ఎందుకు.

హన్మకొండల భద్రకాళి చెరువు దిక్కు బాల్కనీ పెట్టి రెండంతస్తులు లేపిన రోజులు గుర్తున్నయా? బోర్డు రాసే పెయింటర్ ‘టూ బీహెచ్‌కే ఇల్లు కిరాయికి కలదు’ అని రాసి, కింద జాగ మిగిలింది సార్ ఇంకేమన్న రాయమంటరా అంటే నేనే నీ పేరు చెప్పిన. గా రెండు మాటలకే నెలకు 1,500 ఎక్కువొచ్చింది. టైల్స్ కోసం నాలుగు దుకాణాలు తిరిగి గొంతు పోయేదాక బేరమాడినోన్ని, తలుపులకు టేకు పెట్టినోన్ని, వాటికి ఎవ్వడూ పది రూపాయలు ఎక్కువియ్యలే. నీకు మాత్రం కండ్లు మూసుకొని ఇచ్చిండ్రు, నీ మీద నాకైన ఖర్చేమో డబ్బ అడుగున మిగిలిన రంగు. చెరువు కట్టించింది కాకతీయులు, కిరాయి వసూల్ చేసేది నేను.

మా తాత కాలంల చెరువు ముచ్చటే వేరు. పిల్లనిచ్చేటోళ్లు ‘చెరువు కింద ఎంతున్నది’ అని అడిగేటోళ్లు, తూము ఇప్పితే ముందుగాల ఎవని పొలం పారుతదో వానికే మర్యాద. చెరువును ఊకె చూసుడుకు నెల నెల పైసలిస్తరు తాతా అని చెప్తే, నా నెత్తి మీద చెయ్యి పెట్టి జరమొచ్చిందా అని చూస్తుండె.

సరే నీ మీద నాకున్న మొదటి కోపం ఏందంటే, నువ్వొచ్చినంక నా నోటికి నిలకడ లేకుంట పోయింది. కిరాయికి ఫోన్ చేసినోడు చెరువు ఎంత దూరం సార్ అంటే ‘చెయ్యి చాపితే అందుతది’ అంట. గదే 2024ల హైదరాబాద్‌ల చెరువు జాగలల్ల కట్టినయి కూలగొట్టే హైడ్రా వచ్చింది గదా, అది మన దాక రాలే గానీ దాని భయం మాత్రం బస్సెక్కి హన్మకొండల దిగింది, అప్పటి సంది ఇల్లు చూడొచ్చిన ప్రతోడు సర్వేయరే. బాత్రూంల నల్ల వస్తదా అని అడుగుడు బంద్, ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దు, ఎక్కడి దాక, దాని పక్కన ఖాళీగ వదలాల్సిన బఫర్‌ల లేదు గదా, గిదే అడుగుడు. 25 ఎకరాలు దాటిన చెరువైతే నిండినప్పటి నీటి అంచు నుంచి 30 మీటర్లు వదలాలె, 2012 జీవోలనే ఉన్నది. నా కాగితాలు నేను మంచిగనే చూసుకున్న, గానీ గల్లీల టేపు పట్టుకున్న మనిషి కనబడిండంటే చాలు నా నోట్లకెళ్లి ‘చెరువా? అది మస్తు దూరం సార్, ఇక్కడికి కనబడనే కనబడది’ అని వస్తది. ఒకనాడు గట్లనే అన్న, వెనక నువ్వు గేటుకు వేలాడుతనే ఉన్నవ్. తువ్వాల తీసి నీ మీద ఆరేసిన, యాదికున్నదా?

వానకు మాత్రం దూరం దగ్గర అని ఏం లేదు. 2020 ఆగస్టుల నాలాలు పొంగి ఊర్లె కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు మా పార్కింగ్‌లకు గూడ మోకాలి బంటి నీళ్లొచ్చినయ్, మోటర్ మునిగింది, రెండు బండ్లు మునిగినయ్. కింద పోర్షన్ ఆయన పొద్దుగాల నాలుగింటికి ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నడు, ‘సార్, వ్యూ లోపలికొచ్చింది’. 2023 జూలై ఆఖర్ల పోతన నగర్ దిక్కు కట్ట తెగి ఇసుక బస్తాలు ఏస్తున్నరని తెలిసిన రాత్రైతే నేను పడుకోలే, బాల్కనీల కుర్చీ ఏసుకొని తెల్లారేదాక నిన్నే చూసుకుంట కూసున్న. ఇన్నేండ్లల్ల నిన్ను గంతసేపు చూసింది నేనొక్కన్నే కావచ్చు.

నిమ్ము గురించి, ఎండకాలం వాసన గురించి, మెట్ల కింద దొరికిన నీరుకట్టె గురించి రాయ, రాస్తే ఇల్లు కిరాయికి పోదు. గుర్రపుడెక్క పెరిగినప్పుడు ఫోటో పంపితే ఒకామె ‘గార్డెన్ గూడ ఉన్నదా అన్నా’ అని మురిసింది, నేను ఉన్నదనే చెప్పిన.

అసలు దెబ్బ 2024 నవంబర్‌ల కొట్టినవ్. పూడిక తీస్తమని చెరువు నీళ్లన్నీ ఇడిచిపెట్టిండ్రు. పూడిక తియ్యాల్సిందే, ఎన్నేండ్ల బురదో అది, నేను కాదన. గానీ పైన పోర్షన్‌ల ఉన్నది బ్యాంకుల పనిచేసే పిల్లగాడు. చెరువు అడుగు కనబడ్డ వారానికి కిందికొచ్చి మెల్లగ అడిగిండు.

‘అంకుల్, 1,500 వ్యూకు అని మీరే అన్నరు గదా. ఇప్పుడు వ్యూ ఏది?’

‘గా మట్టి కనబడతలేదా బిడ్డా, కాకతీయుల కాలం నాటిది.’

‘అయితే బోర్డు మీద మట్టి వ్యూ అని రాయుండ్రి అంకుల్.’

ఏం మాట్లాడాలె చెప్పు. ఆ నెల నుంచి 1,500 కట్. పైకెళ్లి లారీలు మట్టి మోస్తుంటే దుమ్ము లేస్తాందని ఆయన భార్య ఇంకో 500 తగ్గించుమన్నది, అది మాత్రం నేను ఒప్పుకోలే, దుమ్ము లేక్ వ్యూల రాదు అని గట్టిగ చెప్పిన.

తర్వాత వానలు పడి నీళ్లు చేరినయ్. నేను ఇస్త్రీ అంగీ ఏసుకొని పైకి పోయిన. బిడ్డా, చెరువు వచ్చింది, మన 1,500 సంగతి అన్న. పిల్లగాడు నన్ను బాల్కనీ తలుపు కాడికి తోలుకపోయిండు. తలుపుకు గడియ, గడియకు అడ్డం బీరువా, ముంగట లావు కర్టెన్. ‘దోమలకు మేము తలుపు తీస్తనే లేము అంకుల్, చూడని దానికి కిరాయి ఎట్ల కట్టాలె?’ దోమల జాలీకి నేను 14,000 పెట్టిన, ఆ జాలీలకెళ్లి చూస్తే చెరువు పాత టీవీల బొమ్మ లెక్క కొడతది, గది వేరే ముచ్చట. ఆ నెలాఖరుకే ఖాళీ చేసి నయీంనగర్ దిక్కు పోయిండు. అక్కడ బాల్కనీలకెళ్లి చూస్తే పక్కింటోళ్ల గోడ, కిరాయి మాత్రం నాకిచ్చిన దానికన్న ఎక్కువనట.

అందుకే ఈసారి బోర్డు కొత్తగ రాపిచ్చేటప్పుడు నిన్ను తీసేద్దామనుకున్న. పెయింటర్ గూడ వచ్చిండు, డబ్బ మూత గూడ తీసిండు.

ఇట్లు,
మూడు నెలల సంది పై పోర్షన్ ఖాళీగ పెట్టుకొని కూసున్న నీ ఓనర్

తాజా కలం: గిది రాస్తుండంగనే ఫోనొచ్చింది. లేక్ వ్యూ ఒద్దట, లేక్ ఫేసింగ్ ఉంటే చెప్పుమన్నరు, 2,000 ఎక్కువైనా ఇస్తరట. పెయింటర్‌ను ఆపిన. జర ఎడమకు జరుగు.