చుక్కల మందు మాటేమిటి?

బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్రలతో ఆస్తమా వాళ్లకి ఆయాసం పెరగొచ్చని మీ వ్యాసంలో రాశారు, సరే. మరి కంటి చుక్కలు? గ్లాకోమాకి (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు, నీటికాసులు) ఇచ్చే టిమోలోల్ కూడా బీటా బ్లాకరే. కంట్లో వేసిన చుక్క కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి, మాత్రలా ముందు లివర్‌లో కొంత విరిగిపోకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది.

గాజువాకలో మందుల షాపు మాది. ఒక పెద్దాయన ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, టిమోలోల్ ఒకే చీటీ మీద అడిగారు. మొదటిది ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలను తెరిపించే బీటా-2 గ్రాహకాలను పని చేయిస్తుంది, రెండోది వాటికే అడ్డం పడుతుంది! ఆయనేమో ఆయాసమంతా పోర్టు బొగ్గు దుమ్ము వల్లే అనుకుంటున్నారు. (వైజాగ్‌లో ఏ దగ్గుకైనా ముందు దాన్నే తిడతాం లెండి.) కంటి డాక్టరుకి ఆస్తమా సంగతి చెప్పారా అంటే, "కంటికీ ఊపిరికీ ఏంటి బాబూ సంబంధం" అన్నారు. ఆ డాక్టరు దగ్గరికే వెనక్కి పంపాను. ఆయన చుక్కల్ని బీటా బ్లాకర్ కాని లాటనోప్రోస్ట్‌కి మార్చారు.

ఆస్తమా లేనివాళ్లు కూడా చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు ఒంట్లోకి తక్కువ పోతుంది. డాక్టర్ని అడక్కుండా చుక్కలు మాత్రం ఆపేయకండి, గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు.