దాష్కోవా ఎడిన్‌బరో సంగతి ఏది?
రష్యన్ ప్రిన్సెస్ ఎకతెరీనా దాష్కోవా గురించి మీరు రాసిన వ్యాసం మొత్తాన్ని, కేథరిన్‌ని రష్యా గద్దెనెక్కించిన 1762 తిరుగుబాటుకీ, ఆ మహారాణితో స్నేహానికీ ఖర్చు పెట్టేశారు. నాకు నచ్చే భాగం ఎడిన్‌బరో. కొడుకు పావెల్‌ని అక్కడి విశ్వవిద్యాలయంలో చదివించడానికి ఆవిడ స్కాట్లండ్‌లోనే మకాం పెట్టింది, అదీ హోలీరూడ్ రాజభవనంలో! ఆ విశ్వవిద్యాలయ ప్రిన్సిపాల్ విలియం రాబర్ట్‌సన్, ఆర్థికవేత్త ఆడం స్మిత్, రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ లాంటివాళ్లతో పరిచయాలు. 1779లో కొడుక్కి ఎం.ఏ. పట్టా వచ్చింది. ఆవిడ విశ్వవిద్యాలయానికి రష్యన్ పతకాలు బహూకరించింది. నిజానికి అక్కడ ఎక్కువ లాభపడింది తల్లే అనుకుంటాను, ఆడవాళ్లకి అప్పట్లో అక్కడ సీటే లేకపోయినా. 1783లో సెయింట్ పీటర్స్‌బర్గ్ సైన్స్ అకాడమీకి డైరెక్టర్ అయింది కదా. రెండో భాగం రాస్తే ఈ సంగతులు కాస్త వివరంగా ఇవ్వండి.