కాక్టస్ కుండీ మార్చే ‘అయిదు సూత్రాలు’ ఇక నాకు పంపొద్దు

పొద్దున్నే మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది కావలిలో ఉండే మా మేనత్త కొడుకు, కింద ‘నీకు పనికొస్తుంది బావా’ అని ఒక ముక్క. కాక్టస్‌ను వానాకాలం మొదట్లో మార్చాలట, బాగా పెద్ద కుండీ పెట్టాలట, ఎడారి మొక్క కాబట్టి బీచ్ ఇసుక వాడాలట, మార్చిన వెంటనే నిండా నీళ్ళు పోయాలట, ముళ్ళు దిగితే ఫెవికాల్ రాసుకోవాలట.

పెద్ద కుండీ ఎందుకు? ఉన్నదానికన్నా అంగుళం, అంగుళంన్నర వెడల్పు చాలు. వేరు అందని మట్టి ఊరికే నానుతుంటుంది. ఇంతే.

వానాకాలం అన్నాయన ఎక్కడివాడో గానీ నెల్లూరువాడు మాత్రం కాదు. మనకు జూన్‌లో వడగాడ్పులు. అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో సహా. ఆ ముసురులో బట్టలే ఆరవు, తెగిన వేరు ఆరుతుందా? సంక్రాంతి వెళ్ళాక, ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో మార్చుకోండి. అదీ ఏటేటా కాదు, అడుగు కన్నంలోంచి వేళ్ళు బయటికొస్తేనో, రెండు మూడేళ్ళయి మట్టి గట్టిపడితేనో.

మైపాడు బీచ్ ఇసుక తెస్తే దాంతోపాటు ఉప్పు కూడా వస్తుంది. ఉప్పు మట్టిలో వేరు నీళ్ళు పీల్చలేదు. ఇల్లు కట్టేవాళ్ళే ఆ ఇసుక వద్దంటారు, మొక్కకు పెట్టాలా? పెన్న ఇసుక జల్లించి, జల్లెడలో మిగిలిన బరక తీసుకోండి. దానికి చిన్న కంకర, బాగా చివికిన ఎరువు కొంచెం.

ఇక నీళ్ళు. నిండా పోస్తే వేళ్ళు కుదురుకుంటాయట. మిరప నారుకైతే నిజమే. ఇది మిరప నారా అబ్బయా? ఎంత మెల్లగా లాగినా సన్న వేళ్ళు తెగుతాయి. ఆ గాయాలు మానకముందే తడి తగిలితే కుళ్ళు లోపలికి పాకుతుంది. పైకేమీ తెలీదు, మోసమంతా అక్కడే. కొన్నాళ్ళకు మొదలు దగ్గర పసుపు తిరుగుతుంది, నొక్కితే వేలు దిగుతుంది. పెరికి చూస్తే వేళ్ళు గోధుమరంగు, పట్టుకుంటే పైతొక్క జారి లోపలి దారం చేతిలో మిగులుతుంది. అప్పుడు నాకు ఫోను: ‘వాడిపోతోంది, ఇంకో చెంబు పోశాను’. పోయండి, తర్పణం వదిలినట్టూ ఉంటుంది!

మార్చే వారం ముందే నీళ్ళు ఆపండి. పొడి మట్టిలోంచి మొక్క సులువుగా వస్తుంది. పాత కాగితం నాలుగు మడతలు పెట్టి నడుముకు చుట్టి పట్టుకోండి. పాడైన వేళ్ళు కత్తిరించి, రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, పొడి మట్టిలోనే పాతండి. ఆ తర్వాత వారం దాకా చుక్క వేయొద్దు. ఒంట్లో దాచుకున్న నీళ్ళు దానికి చాలు.

ఫెవికాల్ సంగతి చదివి మొదట నవ్వాను. కానీ అది నిజం. కంటికి కనిపించే ముళ్ళు పట్టకారుతో తీసేశాక, నాగజెముడు నూగుముళ్ళ మీద పల్చగా రాసి, పూర్తిగా ఆరాక పొరలా లాగితే చాలామటుకు దాంతోనే వచ్చేస్తాయి. ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాదంతా చెరిపేసి పంపు బావా, నేనే నలుగురికి పంపుతా.